ఎవరూ నవ్వలేదు: ఒక ఆటగాడి మాటలు కవితగా మారితే

ఒక మనిషికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక వ్యాధి ఉంది. వారానికి మూడు రోజులు షటిల్ ఆడటానికి వెళుతున్నాడు. ఆ ఆట వల్ల అతనికి ఏం జరుగుతోంది? అడగడానికి చిన్న ప్రశ్నే. జవాబు రాయడానికి కూర్చుంటేనే చిక్కు.

డాక్టర్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్యాన్స్ అని 1987లో వచ్చిన కొలబద్ద. అందులో 30 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కు. భ్రమలు ఎంత ఉన్నాయి, లేని గొంతులు ఎంత వినపడుతున్నాయి, ముఖంలో భావం ఎంత తగ్గింది, నలుగురిలో కలవడం ఎంత తగ్గింది, ఇలా సాగుతుంది. అన్నీ కూడితే తక్కువలో తక్కువ 30, ఎక్కువలో ఎక్కువ 210. (ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా 30 వస్తుందన్నమాట. సున్నా అనేదే లేదు. నాకిది బాగా నచ్చింది.) ఆట మొదలుపెట్టకముందు ఒకసారి, కొన్ని నెలలయ్యాక ఇంకోసారి లెక్కగడితే తేడా కనపడుతుంది.

ఈ లెక్కల్ని నేను తక్కువ చేయను. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లు మిగతావాళ్ల కంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో ఎక్కువ మంది పోయేది గుండె జబ్బుల్లాంటి ఒంటి రోగాలతోనే. మనసుకు వాడే మందుల్లో కొన్ని బరువు పెంచుతాయి, షుగర్ తెచ్చిపెడతాయి, పగలంతా మత్తుగా ఉంచుతాయి. కాబట్టి వ్యాయామం పనిచేస్తుందా, ఎంత చేస్తే పనిచేస్తుంది అన్నది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న. దానికి లెక్కలే కావాలి. జోసెఫ్ ఫర్త్ బృందం 2015లో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసి, వారానికి సుమారు 90 నిమిషాలు ఒళ్లు అలిసేలా వ్యాయామం చేస్తే స్కిజోఫ్రీనియా లక్షణాలు తగ్గుతున్నాయని తేల్చింది. ఆ మాట ఏ కవితా తేల్చలేదు.

కానీ ఆ 90 నిమిషాల్లో కోర్టు మీద ఏం జరిగిందన్నది ఆ లెక్కలో లేదు. ఆ మనిషి మొదటి రోజు గేటు దాకా వచ్చి వెనక్కి పోయాడా? ఎవరు పిలిచారు? పేరు పెట్టి పిలిచారా, ఇంకేదైనా అని పిలిచారా? ఇవి తెలుసుకోవాలంటే అతన్నే అడగాలి, అతను చెప్పింది వినాలి. విన్నాక దాన్ని ఎలా రాయాలి అన్న చోట, కొంతమంది పరిశోధకులు చాలామందికి వింతగా తోచే జవాబు ఎంచుకున్నారు. కవితగా రాద్దాం అన్నారు.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఈ మాట వినగానే మనకు రెండు తోస్తాయి. రోగుల చేత కవితలు రాయించే చికిత్స ఒకటి. జబ్బు పడ్డవాళ్ల మీద జాలితో ఎవరో కవి రాసిన కవిత ఇంకొకటి. నేను చెప్పేది ఈ రెండూ కాదు. ఇక్కడ పరిశోధకుడు ఒక మనిషితో గంటల తరబడి మాట్లాడతాడు, రికార్డు చేస్తాడు, ఉన్నది ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కిస్తాడు. తర్వాత ఆ పేజీల్లోంచి ఆ మనిషి మాటల్నే ఏరి, పాదాలుగా విరిచి, కవితగా పేరుస్తాడు. ఆ కవితే పరిశోధన ఫలితం. పట్టికలు ఉండాల్సిన చోట అది ఉంటుంది.

దీనికి దారి వేసినవాళ్లలో అమెరికా సామాజిక శాస్త్రవేత్త లారెల్ రిచర్డ్‌సన్ ఒకరు. లూయిసా మే అని పేరు మార్చి పిలిచిన ఒక పెళ్లికాని తల్లితో జరిపిన ఇంటర్వ్యూ ఆవిడ చేతిలో 36 పేజీలైంది. దాన్ని మూడు పేజీల కవిత చేసి, ఎందుకలా చేశానో 1992లో వివరంగా రాసింది. మాటలన్నీ లూయిసా మేవే. విరుపులు, పునరుక్తులు, నిశ్శబ్దాలు రిచర్డ్‌సన్‌వి. 1997లో కొరీన్ గ్లెస్నే అనే విద్యా పరిశోధకురాలు ప్యూర్టోరికోకు చెందిన ఒక వృద్ధ అధ్యాపకురాలి మాటలతో ఇదే పని చేసి, తనకు తాను పెట్టుకున్న నియమాలు బయటపెట్టింది. పదాలు ఆవిడవే అయివుండాలి. ఎక్కడి మాటనైనా తెచ్చి ఎక్కడైనా పెట్టొచ్చు. కానీ ఆవిడ మాట్లాడే తీరు చెవికి తెలిసేటన్ని మాటలు కలిపే ఉంచాలి. చూడ్డానికి మూడు చిన్న నియమాలు. రెండో నియమంలో ఎంత ప్రమాదం ఉందో కాసేపట్లో తెలుస్తుంది.

ఆటల మీద పరిశోధన చేసేవాళ్లలోకి ఈ పద్ధతిని తెచ్చినవాళ్లలో ఇంగ్లండ్‌కు చెందిన ఆండ్రూ స్పార్క్స్ ముఖ్యుడు. అక్కడి డేవిడ్ కార్లెస్, కిట్రీనా డగ్లస్ దీన్ని మానసిక వ్యాధి దగ్గరికి తీసుకెళ్లారు. డగ్లస్ ఒకప్పటి ప్రొఫెషనల్ గోల్ఫ్ క్రీడాకారిణి, 1992లో అమెరికాను ఓడించి సోల్‌హైమ్ కప్ గెలిచిన యూరప్ జట్టులో ఆడింది. గెలవడమే ఊపిరిగా బతికే లోకం ఎలా ఉంటుందో లోపలినుంచి తెలిసిన మనిషి అన్నమాట. ఇద్దరూ కలిసి తీవ్రమైన మానసిక వ్యాధులున్న మగవాళ్ల జీవితాల్లో ఆట ఏం చేస్తోందో ఏళ్ల తరబడి విన్నారు. 2008లో వాళ్లు రాసిన వ్యాసం ప్రకారం ఆ కథలు మూడు రకాలుగా నడిచాయి: ఏదో ఒకటి చేయడం గురించి, ఏదో సాధించడం గురించి, మనుషులతో కలవడం గురించి. మరుసటి ఏడు, 2009లో, అలాంటి వాళ్ల ఆట అనుభవాల్నే కవితలుగా ప్రచురించారు. అచ్చయింది పరిశోధన పత్రికలో, సాహిత్య పత్రికలో కాదు.

సరే, ఇదంతా ఎక్కడో జరిగిన సంగతి. మన మాటల్లో చేసి చూస్తే తప్ప ఈ పద్ధతి బలమూ బలహీనతా అర్థం కావు. అందుకే ఒక ఇంటర్వ్యూ ముక్క నేనే కల్పించాను. ఇది నిజమైన ఏ మనిషిదీ కాదు. అతనికి ముప్పై అయిదేళ్లు ఉంటాయనుకోండి. "షటిల్‌కి ఎలా వెళ్లడం మొదలుపెట్టారు?" అని అడిగారు.

"షటిల్‌కా... మా బావ తీసుకెళ్లాడు మొదట. నేను రానన్నా. మందులేసుకుంటే పొద్దున్నే లేవలేను కదండీ. ఒళ్లంతా బస్తా లాగుంటది. ఊరికే కూర్చో, స్కోరు చెప్పు చాలు అన్నాడు. సరే అని గోడ పక్కన కూర్చున్నా. ఒక నెల... నెల పైనే, అట్లా స్కోరే చెప్పా. ఒకరోజు నలుగురికి ఒకరు తగ్గారు. బ్యాటిచ్చారు. చెయ్యి వణుకుతది నాకు, మందుల వల్ల. సర్వీస్ వెయ్యబోతే కాక్ కింద పడిపోయింది. ఎవరూ నవ్వలేదు. మళ్లీ వెయ్యి అన్నారు. మళ్లీ పడింది. మళ్లీ వెయ్యి అన్నారు. గెలిచామా అంటే... గుర్తులేదండీ. ఓడిపోయే ఉంటాం. ఇప్పుడు నేను పోకపోతే ఫోన్ చేస్తారు. నలుగురు కావాలి కదా ఆటకి. అదే ఆసుపత్రిలో అయితే, నేను పోకపోతే ఒక కాయితం తక్కువ. అంతే."

నివేదిక రాసేవాళ్లు దీన్ని ఇలా రాస్తారు: "కుటుంబ సభ్యుడి ప్రోత్సాహంతో కార్యక్రమంలో చేరారు. తొలి దశలో పాల్గొనడం పరిమితం. మందుల దుష్ప్రభావాలు అవరోధంగా ఉన్నాయి. తోటివారి సహకారం సానుకూలం." అబద్ధం ఒక్కటి కూడా లేదు. బావ కుటుంబ సభ్యుడే, వణుకు దుష్ప్రభావమే. కానీ 'నెల పైనే' గోడ పక్కన కూర్చున్న ఆ మనిషి 'తొలి దశలో పరిమితం' అనే మూడు ముక్కల్లో పడి మాయమైపోయాడు.

ఇప్పుడు అవే మాటల్లోంచి ఏరి నేను పేర్చిన కవిత. సొంత మాట ఒక్కటి కూడా చేర్చలేదు.

నేను రానన్నా.
ఊరికే కూర్చో,
స్కోరు చెప్పు చాలు
అన్నాడు.
గోడ పక్కన
ఒక నెల...
నెల పైనే.

ఒకరోజు
నలుగురికి ఒకరు తగ్గారు.
బ్యాటిచ్చారు.
చెయ్యి వణుకుతది నాకు.
కాక్ కింద పడిపోయింది.
ఎవరూ నవ్వలేదు.
మళ్లీ వెయ్యి అన్నారు.
మళ్లీ పడింది.
మళ్లీ వెయ్యి అన్నారు.

నేను పోకపోతే
ఫోన్ చేస్తారు.
నలుగురు కావాలి కదా
ఆటకి.

గొప్ప కవిత అనను. కానీ ఒకటి చూడండి. ఇంటర్వ్యూలో 'ఎవరూ నవ్వలేదు' అన్నది రెండు వాక్యాల మధ్య నలిగిపోయిన చిన్న మాట. కళ్లు దాని మీదుగా జారిపోతాయి. ఇక్కడ దానికంటూ ఒక పాదం దక్కింది, కాబట్టి అక్కడ ఆగాల్సి వస్తుంది. ఆగితే అడుగున ఉన్నది తేలుతుంది: ఇతను నవ్వుతారని ఎదురుచూశాడు. అంతకుముందు చాలామంది నవ్వి ఉంటారు. ఈ సంగతి అతను చెప్పలేదు, పరిశోధకుడూ వివరించలేదు. పాదం విరిగిన చోట మనమే కనిపెట్టాం.

కవితే ఎందుకు, కథ రాయొచ్చు కదా అంటే, కథా రాశారు. కార్లెస్, స్పార్క్స్ కలిసి 2008లో ఇలాంటి ముగ్గురు మగవాళ్ల వ్యాయామ అనుభవాల్ని మూడు చిన్న కథలుగా ప్రచురించారు. అయితే వచనానికి ఒక అలవాటుంది. 'కాబట్టి', 'అందువల్ల', 'ఆ తర్వాత' అంటూ సంగతుల్ని ముడివేయకపోతే దానికి తోచదు. జబ్బు మీద రాతలకు పేరుపడ్డ ఆర్థర్ ఫ్రాంక్ 1995లో రోగుల కథల్ని మూడుగా చూశాడు. బాగైపోయిన కథ, జబ్బు నేర్పిన పాఠం కథ, ఒక వరసంటూ లేని కల్లోలం కథ. మొదటి రెండూ వినడానికి మనకు ఇష్టం. మూడోది ఎవరూ కూర్చుని వినరు, ఎందుకంటే అందులో 'ఆ తర్వాత' ఉండదు. ఆటల వార్తల్లో మనం చదివేదంతా మొదటి రకమే: డిప్రెషన్‌లోకి వెళ్లాడు, బయటపడ్డాడు, కప్పు కొట్టాడు. రోజూ మందు వేసుకుంటూ, ఎప్పటికీ కప్పు కొట్టని మనిషికి ఆ అచ్చు సరిపోదు. కవితలో రెండు విషయాల్ని పక్కపక్కన పెట్టి ఊరుకోవచ్చు, మధ్యలో వంతెన కట్టక్కర్లేదు.

ఇంకో కారణం నాకు దీనికంటే పెద్దదిగా అనిపిస్తుంది. ఈ జబ్బులున్న చాలామందికి మాట తగ్గిపోతుంది. ప్యాన్స్‌లో దానికీ ఒక మార్కు ఉంది. అడిగిన ప్రశ్నకు 'ఆఁ', 'బాగుంది', 'ఏమో' అని ఊరుకుంటారు. అలాంటి ఇంటర్వ్యూ చేతికొస్తే పరిశోధకుడు నిట్టూరుస్తాడు, సరుకు పలచగా ఉందంటాడు. కవితకు మాత్రం తక్కువ మాటలు లోటు కాదు. మాటల చుట్టూ ఖాళీ వదలడం దానికి తెలుసు. ఎక్కువ మాట్లాడగలిగినవాళ్ల అనుభవాలే పుస్తకాల్లోకి ఎక్కే లోకంలో, అరుదుగా మాట్లాడేవాళ్లకు అనువైన రూపం ఇదొక్కటే కనపడుతోంది నాకు.

ఇక్కడితో ఆపితే ఇది ప్రచార వ్యాసం అవుతుంది. అవే మాటలు మళ్లీ తీసుకుని ఇంకో కవిత చేశాను, చదవండి.

పొద్దున్నే
లేవలేను కదండీ.
ఒళ్లంతా
బస్తా లాగుంటది.

చెయ్యి వణుకుతది.
పడిపోయింది.
మళ్లీ పడింది.

గెలిచామా అంటే...
గుర్తులేదండీ.
ఓడిపోయే ఉంటాం.

ఒక కాయితం తక్కువ.
అంతే.

ఇందులోనూ నా మాట ఒక్కటి లేదు. గ్లెస్నే నియమాలూ పెద్దగా తప్పలేదు. కానీ మొదటి కవితలోని మనిషి వేరు, ఈ మనిషి వేరు. అక్కడ నలుగురిలో ఒకడైనవాడు ఇక్కడ మందుల బరువుకు కుంగిపోయినవాడు. 'పడిపోయింది' అన్నది కాక్ గురించి అన్న మాట. ఆ 'కాక్' తీసేసేసరికి జీవితమే పడిపోయినట్టు వినపడుతోంది. ఇది మోసమే. మాటలు అతనివే కాబట్టి అతని గొంతే అని చెప్పడం ఎంత అమాయకమో ఈ ఒక్క పాదం చూస్తే చాలు. ఏరడం కూడా రాయడమే. 36 పేజీలు మూడైనప్పుడు 33 పేజీలు ఎవరో ఒకరు పారేశారు.

మరి ఏది నిజం? రెండూ సగం సగం. నివేదిక కూడా ఏరుతుంది, పట్టిక కూడా ఏరుతుంది, కాకపోతే వాటిలో ఏరిన చెయ్యి కనపడదు. కవితలో కనపడుతుంది, ఇది ఎవరో పేర్చిందని చూడగానే తెలుస్తుంది. ఈ వాదనను నేను ఒక మేరకే ఒప్పుకుంటాను. కవితకు గుండెను తాకే బలం ఉంది. తాకిన తర్వాత, పేర్చిన చెయ్యి ఎవరిదని అడిగేవాళ్లు తక్కువ. అందుకే రాసిన కవితను మాటలిచ్చిన మనిషికి తీసుకెళ్లి చూపించడం మర్యాద కోసం చేసే పని అనుకోకూడదు, పద్ధతిలో అది సగం. అతను 'నేనిలా అనలేదు' అంటే? అన్నాడు, రికార్డులో ఉంది. అయినా అతనిదే పైమాట కావాలని నా అభిప్రాయం. మానసిక వ్యాధి ముద్ర పడ్డవాళ్లకు 'నువ్వన్నది అది కాదు, ఇదీ' అని చెప్పేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు. పరిశోధకుడు కూడా ఆ వరసలో చేరనక్కర్లేదు.

కవిత్వం సంగతి వేరే ఉంది. స్వయంగా కవయిత్రి అయిన అమెరికా విద్యా పరిశోధకురాలు జేన్ పీర్టో 2002లో కుండబద్దలు కొట్టినట్టు అడిగింది: ఛందస్సో, కవితాభ్యాసమో ఏదీ లేకుండా పరిశోధకులు నాసిరకం కవితలు రాసి పరిశోధన అనడం ఏమిటి? న్యాయమైన ప్రశ్న. వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి ఎడమవైపు సర్దితే వచన కవిత అయిపోదని తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? ఫేస్‌బుక్ ఉంది కదా. అయినా పీర్టోతో పూర్తిగా ఏకీభవించలేను. ఈ కవితను కొలవాల్సింది అవార్డుల కమిటీ కళ్లతో కాదు. దాన్ని చదివిన నర్సు, కోచ్, అన్నదమ్ములు మర్నాడు ఆ మనిషిని కొంచెం వేరుగా చూశారా లేదా అన్నది కూడా కొలతే. అలాగని చెవి లేనివాళ్లు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. తప్పు చోట విరిచిన పాదం ఆ మనిషిని జాలి బొమ్మను చేసేస్తుంది.

ఇది తెలుగులో చేయబోతే ఎదురయ్యే తిప్పలు ఇంకొన్ని. మొదటిది 'పిచ్చి' అనే మాట. మావాడికి క్రికెట్ పిచ్చండీ అని మురిసిపోతూ చెబుతాం. అదే మాట ముందున్న 'క్రికెట్' తీసేస్తే పెళ్లి సంబంధాలు చెడిపోతాయి. హైదరాబాద్‌లో 'నిన్ను ఎర్రగడ్డకు పంపాలి' అన్నది ఇప్పటికీ జోకు. ఆసుపత్రి ఉన్న పాపానికి ఒక పేట పేరు తిట్టయింది. ఈ భాషలోంచే మాటలు ఏరుకోవాలి.

రెండోది యాస. అతను 'వణుకుతది' అన్నాడు. పత్రికకు పంపేటప్పుడు దాన్ని 'వణుకుతుంది' చేయమనే సంపాదకులు ఉంటారు. చేస్తే అర్థం చెడదు, మనిషి పోతాడు. యాసను ఉంచితే ఇంకో భయం: చదివేవాళ్లు అతని ఊరినీ చదువునూ అంచనా వేసి చిన్నచూపు చూస్తారేమో. నేనైతే ఉంచుతాను, కానీ అతన్ని అడిగి.

మూడోది చట్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వ్యాధి ఉన్న మనిషికి గోప్యత హక్కు ఇచ్చింది. చికిత్స పొందుతున్న మనిషి ఫొటో గానీ వివరాలు గానీ అతని సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 24వ సెక్షన్ చెబుతోంది. చట్టం పరిధి ఎలా ఉన్నా, తమ్ముడి జబ్బు మీద అన్నయ్య కవిత రాసి పోస్టు చేసే ముందు తమ్ముణ్ణి ఒకసారి అడగడం మనలో ఎంతమందికి తోస్తుంది? ప్రేమతోనే రాస్తాం. అడగం. పేరు మార్చినా చాలదు. చిన్న ఊళ్లో షటిల్ కోర్టు ఒక్కటే ఉంటుంది, గోడ పక్కన నెల రోజులు స్కోరు చెప్పిన మనిషి కూడా ఒక్కడే ఉంటాడు.

ఈ వ్యాసం అయిపోయిందనుకుని రెండు కవితలూ మళ్లీ పైకి చదువుకుంటే ఒకటి కంటపడింది. ఇంటర్వ్యూలో అతను రెండుసార్లు 'అండీ' అన్నాడు. లేవలేను కదండీ, గుర్తులేదండీ. బావతోనో, కోర్టులో తోటివాళ్లతోనో మాట్లాడేటప్పుడు ఆ 'అండీ' ఉండదు. ఎదురుగా రికార్డర్ పట్టుకుని కూర్చున్న చదువుకున్న మనిషి కోసం వచ్చింది అది. నాకు నచ్చిన మొదటి కవితలో అది ఒక్కటి కూడా లేదు. ఆ వాక్యాలు రెండూ నేను పక్కన పెట్టేశాను, ఎందుకు పెట్టానో అప్పుడు ఆలోచించలేదు కూడా. చదివేవాళ్లకు అతను సాటి ఆటగాళ్లతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు కనపడరు.